దెబ్బతిన్న పాత పికప్ బండి – చక్రాల ఎలైన్‌మెంట్ సరిచేసుకునే పద్ధతి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిలు, వైద్య బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు – మన సభల్లో మామూలుగా నడిచే విషయాలివి. వీటి మధ్య ఈయన బండి చక్రాల సంగతి ఎత్తాడేమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. రిటైరైనప్పుడు చేతికొచ్చిన గ్రాట్యుటీలో కొంత తీసి, ఉద్యోగం దొరకని కొడుక్కో అల్లుడికో ఒక పికప్ బండి కొనిచ్చినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కూరగాయలు, పాలక్యాన్లు, సిమెంటు బస్తాలు, కోళ్ళ మేత – ఏదో ఒకటి వేసుకుని తిరిగితే ఇల్లు గడుస్తుందని ఆశ. కొత్తది కొనే స్తోమతు లేక పాతది కొంటాం. పాతవాటిలోనూ ఒకసారి గుద్దుకున్నది అయితే ఇంకా చౌకగా వస్తుంది. చౌకగా వచ్చిందని సంతోషిస్తాం. ఆ తరవాత మూడు నెలలకోసారి ముందు టైర్లు కొంటూ కూర్చుంటాం. టైరు డబ్బు పోతే పోయింది, అది సంపాదించుకోవచ్చు. స్టీరింగు భాగం ఒకటి నడిరోడ్డు మీద విరిగితే పోయేది డబ్బు కాదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. బండ్ల కింద వెల్లకిలా పడుకుని ఉద్యోగమంతా వర్క్‌షాపులో గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసింది ఇదే.

ముందు మూడు మాటలు

ఎలైన్‌మెంట్ షాపుకు వెళితే మూడు మాటలు వినిపిస్తాయి: టో, క్యాంబరు, క్యాస్టరు. ఇవి బ్రహ్మవిద్య ఏమీ కాదు.

టో అంటే పాదాల తీరు. కొందరు నడిచేటప్పుడు పాదాల వేళ్ళు లోపలికి తిప్పి నడుస్తారు, కొందరు బయటికి. అలాగే బండి ముందు చక్రాలను పైనుంచి చూస్తే ముందువైపు కాస్త దగ్గరగా ఉంటే టో-ఇన్, దూరంగా ఉంటే టో-అవుట్. వెనక చక్రాలు తోసే బండ్లలో ముందు చక్రాలకు కొద్దిపాటి టో-ఇన్ పెట్టడం వాడుక. పరుగులో రోడ్డు చక్రాలను వెనక్కి నెడుతుంది కనుక అవి కొంచెం విచ్చుకుంటాయి. ఆ విచ్చుకోవడం పోగా నేరుగా నిలబడాలని ముందే ఆ మేరకు లోపలికి పెడతాం.

క్యాంబరు అంటే చక్రం నిలువు. ముందునుంచి చూసినప్పుడు చక్రం పైభాగం బయటికి వాలితే పాజిటివ్, లోపలికి వాలితే నెగటివ్.

క్యాస్టరు తెలియాలంటే మీ సైకిలు చూడండి. ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. కాస్త వేగంలో చేతులు వదిలినా సైకిలు నేరుగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం. బండికీ అంతే. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడానికి ఒక ముఖ్య కారణం క్యాస్టరు.

ఈ మూడింటిలో టైరును అందరికంటే వేగంగా తినేది టో. ఒక చిన్న లెక్క చెబుతాను. టైరు వ్యాసం 700 మి.మీ. అనుకుందాం. ఆ టైరు ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య 3 మి.మీ. వంకర ఉందనుకుందాం. అంటే ప్రతి 700 మి.మీ. నడకకూ ఆ చక్రం 3 మి.మీ. పక్కకు పోవాలని చూస్తుంది. కిలోమీటరుకు లెక్క వేస్తే 4 మీటర్ల పైచిలుకు. బండి మాత్రం నేరుగానే పోతుంది కనుక, కిలోమీటరుకు నాలుగు మీటర్ల చొప్పున టైరును రోడ్డు మీద అడ్డంగా ఈడ్చినట్టే. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే బండిలో ఇది 400 మీటర్ల ఈడ్పు. గంధం చెక్క సానరాయి మీద అరిగినట్టు టైరు అరగక ఏంచేస్తుంది?

టైరు చెప్పే సాక్ష్యం

బండిని షాపుకు తోలకముందే అరచేత్తో టైరు తడిమి చూడండి. టైరు మీద అడ్డంగా, లోపలినుంచి బయటికి ఒకసారి, బయటినుంచి లోపలికి ఒకసారి చెయ్యి నడపండి. బయటినుంచి లోపలికి పోతే నున్నగా ఉండి, లోపలినుంచి బయటికి వస్తే రంపపు పళ్ళలా తగిలితే టో-ఇన్ ఎక్కువైందని అర్థం. దానికి విరుద్ధంగా ఉంటే టో-అవుట్. పళ్ళు ఏమీ లేకుండా ఒక అంచు మాత్రమే నున్నగా అరిగిపోతే క్యాంబరును అనుమానించాలి. అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్జార్బరు, వదులైన బేరింగు, చక్రం బ్యాలెన్సు చూడాలి. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ, మధ్య అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ. వీటికి ఎలైన్‌మెంట్ పని లేదు.

బండి పక్కకు లాగుతోందన్న ఫిర్యాదు మరొకటి. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం, రోడ్డు మధ్య ఎత్తుగా ఉండి అంచులకు వాలుగా ఉంటుంది కనుక కాస్త ఎడమకు మొగ్గడం సహజం. అంతకు మించి లాగితే ముందు రెండు టైర్లనూ కుడి ఎడమలు మార్చి చూడండి. లాగే దిక్కు కూడా మారితే దోషం టైరులో ఉంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగితే బ్రేకులు చూడండి. కాసేపు నడిపి ఆపాక ఒక డ్రమ్ము మిగతావాటికంటే బాగా వేడెక్కి ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుని ఉందన్నమాట. ఇవేవీ కాకపోతేనే కోణాల మీదకు పోవాలి. క్యాస్టరు రెండు పక్కలా సమానంగా లేకపోతే తక్కువ ఉన్న పక్కకు, క్యాంబరు సమానంగా లేకపోతే పాజిటివ్ ఎక్కువ ఉన్న పక్కకు బండి లాగుతుంది.

వదులు తీయకుండా కొలత వద్దు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎలైన్‌మెంట్ యంత్రం కోణం చూపిస్తుంది గాని, ఆ కోణం ఎందుకు తప్పిందో చెప్పదు. కెమెరాలతో, కంప్యూటరుతో నాలుగు చక్రాలనూ నిమిషాల్లో కొలిచే యంత్రాలు ఈనాడు చిన్న పట్టణాల్లో కూడా ఉన్నాయి. మంచివే. కాని కీళ్ళు వదులైన బండిని దాని మీదకు ఎక్కిస్తే ఆ క్షణానికి వచ్చిన అంకె చూపిస్తుంది. రోడ్డెక్కిన మరుక్షణం ఆ అంకె మారిపోతుంది. ఊగే పంటికి బంగారు తొడుగు వేసినట్టు ఉంటుంది ఆ పని.

కనుక ముందు వదుళ్ళు చూడాలి. చదునైన గట్టి నేల మీద బండి నిలిపి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్డులు పెట్టండి. ముందు చక్రాలు నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తుంటే, మరొకరు టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్, స్టీరింగు బాక్సు బిగింపు బోల్టులు చూడాలి. ఒక ముక్క కదిలి దాని పక్క ముక్క కదలడానికి ఆలస్యమైతే మధ్య కీలు అరిగిందన్నమాట.

తరవాత ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం లేపి, స్టాండు మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే అది బేరింగు వదులా, కింగ్ పిన్ వదులా అని సందేహం వస్తుంది. అప్పుడు ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్ బుష్‌లు. కింగ్ పిన్ బదులు పైనా కిందా ఆర్ములు, బాల్ జాయింట్లు ఉండే రకం బండ్లలో బాల్ జాయింట్లనూ, ఆర్మ్ బుష్‌లనూ చూడాలి. జాకీ ఎక్కడ పెట్టాలన్నది ఆ బండి పుస్తకం ప్రకారం నడుచుకోవాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద ఎవరూ దూరకూడదు. కుర్రవాళ్ళు "రెండు నిమిషాల పనే కదా తాతయ్యా" అంటారు. స్టాండ్లు పెట్టేదాకా దూరనివ్వకండి. మనం మటుకు కుర్చీ వేసుకుని చెప్పడానికే పరిమితమవుదాం.

దెబ్బ ఎంత లోతున తగిలింది?

గుద్దుకున్న బండిలో అసలు ప్రశ్న ఇది. వంకర పోయింది చక్రం దగ్గరి చిన్న సామానా, యాక్సిలా, లేక చాసిస్ ఫ్రేమా? పికప్ బండ్ల ఫ్రేము నిచ్చెనలా ఉంటుంది. రెండు పొడుగు దూలాలు, మధ్య అడ్డపట్టీలు. దీన్ని కొలవడానికి యంత్రమే అక్కర్లేదు. తాపీమేస్త్రి దారం కట్టిన గుండు, సుద్దముక్క, స్టీలు టేపు ఉంటే చాలు.

చదునైన గచ్చు మీద బండి నిలిపి, ఫ్రేముకు రెండు పక్కలా ఫ్యాక్టరీలో పెట్టిన ఒకే జత రంధ్రాలను గుర్తించండి – ముందు ఒక జత, మధ్య ఒక జత, వెనక ఒక జత. ఒక్కొక్క రంధ్రం నుంచి గుండు జారవిడిచి నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. బండిని పక్కకు తోసేయండి. ఇప్పుడు నేల మీద ఫ్రేము ఆకారం మిగులుతుంది. ముగ్గు చుక్కల్లా ఉన్న ఆ గుర్తుల మధ్య ఐమూలగా కొలవండి: ఎడమ ముందు నుంచి కుడి వెనకకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు. రెండూ సమానంగా ఉండాలి. రెండు మూడు మి.మీ. తేడా టేపు పట్టడంలోనే రావచ్చు. అంతకు మించి స్పష్టమైన తేడా ఉంటే మళ్ళీ ఒకసారి కొలిచి, అదే తేడా వస్తే ఫ్రేము ఐమూల పోయిందని గ్రహించాలి. మధ్య గీత దారం పట్టి చూస్తే ఫ్రేము పక్కకు వంగిందేమో తెలుస్తుంది. పొడుగు దూలాల మీద రంగు పెచ్చులూడటం, ఇనుము ముడతలు పడటం, పాత వెల్డింగు అతుకులు – ఇవన్నీ కంటికే చెప్పే సాక్ష్యాలు.

తరవాత వీల్‌బేసు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి కొలవండి. చక్రాలు నేరుగా పెట్టి కొలవాలి. రెండు కొలతలూ సరిపోకపోతే ముందు యాక్సిల్ అయినా, వెనక యాక్సిల్ అయినా జరిగింది.

ఒక ఉదాహరణ

మన సభ్యులొకరి అబ్బాయి ఇలాంటి బండే తెచ్చాడు. కమాను కట్టల మీద నిలబడే ఒంటి ముందు యాక్సిల్ రకం, పాతది, ఎడమ ముందు చక్రం కల్వర్టు గోడకు తగిలినది. "బాబాయిగారూ, మూడుసార్లు ఎలైన్‌మెంట్ చేయించాను. చేసిన రోజు బాగుంటుంది. వారం తిరిగేసరికి స్టీరింగు మళ్ళీ కుడికి తిరిగి ఉంటుంది, ఎడమ టైరు లోపలి అంచు పోతోంది" అన్నాడు. మూడుసార్లూ షాపువాళ్ళు చేసింది టై రాడ్ తిప్పి టో పెట్టడమే. అంతకు మించి చూడలేదు.

కొలిచి చూస్తే ఎడమ వీల్‌బేసు కుడిదాని కంటే 17 మి.మీ. తక్కువ వచ్చింది. గుండు వేసి ఫ్రేము ఐమూలలు కొలిస్తే తేడా 2 మి.మీ. లోపే. అంటే ఫ్రేము క్షేమం. అంతవరకు ఆ ఇంటి అదృష్టం. తరవాత ఫ్రేము గుర్తుల నుంచి ఒక్కొక్క చక్రం దూరం కొలిస్తే, 17లో 5 మి.మీ. ముందుది, 12 మి.మీ. వెనకది.

చూడండి, గుద్దింది ముందు చక్రం, ఎక్కువ వంకర వచ్చింది వెనక! ముందు ఎడమ కమాను కట్ట బ్రాకెట్టు వెనక్కి వంగింది, అది కంటికి కనబడింది. వెనక ఎడమ కమాను కట్టలో సెంటర్ బోల్టు తెగి ఉంది. యూ బోల్టులు వదులుగా ఉన్నాయి. సెంటర్ బోల్టు తల యాక్సిల్ గుంటలో కూర్చుని, యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచుతుంది. అది తెగి, పట్టుకోవలసిన యూ బోల్టులూ వదిలేస్తే యాక్సిల్ జారుతుంది. ఇక్కడ ఎడమ చివర ముందుకు జారింది.

దీనివల్ల ఏమవుతుంది? చక్రాల మధ్య అడ్డదూరం 1400 మి.మీ. అనుకుంటే 12 మి.మీ. జారడం అంటే సుమారు అర డిగ్రీ వంకర. వెనక చక్రాలు బండిని నేరుగా కాక కుడివైపుకు తోస్తున్నాయి. బండి నేరుగా పోవాలంటే ముందు చక్రాలు కూడా కుడికే తిరిగి ఉండాలి. అందుకే స్టీరింగు కుడికి తిరిగి ఉంటోంది. 2700 మి.మీ. వీల్‌బేసు బండిలో ఆ అర డిగ్రీకి వెనక భాగం 23 మి.మీ. కుడిగా నడుస్తుంది. తడి రోడ్డు మీద వెనకనుంచి చూస్తే బండి కుక్కనడక నడిచినట్టు పక్కవాటుగా పోతుంది. ముందు టై రాడ్ ఎన్నిసార్లు తిప్పినా వెనక యాక్సిల్ నేరుగా రాదు. పుండు ఒకచోట, మందు ఒకచోట అంటే ఇదే.

మరి ఎడమ టైరు లోపలి అంచు ఎందుకు అరుగుతోంది? ఇక్కడ ఇంకో కొలత పనికొస్తుంది. కింగ్ పిన్ కూడా నిటారుగా ఉండదు, పైభాగం లోపలికి వాలి ఉంటుంది. ఆ వాలు, క్యాంబరు రెండూ కలిపిన కోణం స్టబ్ యాక్సిల్ తయారైనప్పుడే ఖాయమైపోతుంది. కుడి ఎడమలు సమానంగా ఉండాలి. క్యాంబరు తప్పినా ఈ మొత్తం కోణం సరిగ్గానే ఉంటే స్టబ్ యాక్సిల్ బాగుంది, వంపు యాక్సిల్ దూలంలోనో మరోచోటో ఉంది. మొత్తం కోణమే తప్పితే స్టబ్ యాక్సిల్ వంగింది. ఆ బండిలో ఎడమ పక్క మొత్తం కోణం తక్కువ వచ్చింది. స్టబ్ యాక్సిల్ వంగి చక్రం నెగటివ్ క్యాంబరులోకి పోయింది. పైగా రెండు టై రాడ్ ఎండ్లూ ఆడుతున్నాయి. పెట్టిన టో వారం నిలవకపోవడానికి కారణం అవే.

సరిచేసే వరస

వంటలో పోపు ఎప్పుడు వేయాలో లెక్క ఉన్నట్టే దీనికీ ఒక వరస ఉంది. ముందు వెనక యాక్సిల్, తరవాత ముందు భాగంలో క్యాస్టరు, తరవాత క్యాంబరు, అన్నిటికంటే చివర టో. క్యాస్టరు, క్యాంబరు మార్చితే టో కూడా మారిపోతుంది. టో ముందు పెట్టి మిగతావి తరవాత చేస్తే మొదటి పని వృథా.

ఆ బండికి అలాగే చేశారు. వెనక ఎడమ కమాను కట్ట విప్పి కొత్త సెంటర్ బోల్టు, రెండు పక్కలా కొత్త యూ బోల్టులు వేసి యాక్సిల్‌ను దాని గుంటలో కూర్చోబెట్టారు. ముందు వంగిన బ్రాకెట్టు మార్చారు. స్టబ్ యాక్సిల్, కింగ్ పిన్ సెట్టు, టై రాడ్ ఎండ్లు కొత్తవి పడ్డాయి. వీల్‌బేసు రెండు పక్కలా సమానమయ్యాక గాని టో జోలికి పోలేదు.

ఒంటి యాక్సిల్ బండ్లలో క్యాస్టరు తక్కువైతే కమాను కట్టకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు రేకులు పెట్టి సరిచేస్తారు. అయితే కమాను కట్ట కుంగిపోవడం వల్ల, బుష్‌లు అరగడం వల్ల కూడా క్యాస్టరు తప్పుతుంది. అవి సరిచేయకుండా రేకులు పెట్టడం తప్పు. ఆర్ముల రకం బండ్లలో పై ఆర్మ్ దగ్గర షిమ్ములు ఉంటాయి. రెండు బోల్టుల దగ్గరా సమానంగా మార్చితే క్యాంబరు, ఒకదగ్గర ఎక్కువ ఒకదగ్గర తక్కువ మార్చితే క్యాస్టరు మారుతుంది. టార్షన్ బారు మీద నిలబడే బండి అయితే ముందు బండి ఎత్తు సరిచేసి, తరవాతే కోణాలు కొలవాలి. ఏ బండికి ఎన్ని డిగ్రీలు, ఎన్ని మి.మీ. అన్నది ఆ మోడలు పుస్తకంలోనే చూడాలి. పక్క బండి అంకె దీనికి పనికిరాదు. నారల టైర్లు తీసి రేడియల్ టైర్లు వేస్తే టో సాధారణంగా తక్కువ కావాలి.

ఇంట్లో చూసుకునే దారం పద్ధతి

షాపులో చేసిన పని సరిగ్గా ఉందో లేదో ఇంటి ముందు చూసుకోవచ్చు. టైర్లలో గాలి సరిచేసి, బండిని ఒకటి రెండు మీటర్లు ముందుకు దొర్లించి, బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా ఆగనివ్వండి. రెండు పక్కలా, చక్రం మధ్య ఎత్తులో, బండికంటే పొడవుగా దారాలు బిగించి కట్టండి. రెండు దారాల మధ్య దూరం ముందూ వెనకా ఒకటే ఉండాలి. ముందు యాక్సిల్ కుడి ఎడమ హబ్బుల నుంచి దారాలకు దూరం సమానంగా, వెనక హబ్బుల నుంచీ సమానంగా ఉండేలా జరపండి. ముందు వెనకల వెడల్పు వేరుగా ఉండవచ్చు, దాంతో ఇబ్బంది లేదు.

ఇక ప్రతి రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి కొలవండి. వెనక యాక్సిల్ నేరుగా ఉంటే ఆ రెండు కొలతలూ సుమారు సమానం. ఒక పక్క ముందు అంచు దారానికి దూరంగా, రెండో పక్క ముందు అంచు దారానికి దగ్గరగా ఉంటే వెనక యాక్సిల్ వంకర. క్యాంబరు చూడాలంటే రిమ్ము పై అంచు పక్కగా గుండు జారవిడిచి, పై అంచుకూ కింది అంచుకూ దారం దూరం కొలవండి. 400 మి.మీ. ఎత్తులో 7 మి.మీ. తేడా అంటే 1 డిగ్రీ.

మలుపుల్లో మాత్రమే టైర్లు కీచుమంటూ, నేరుగా పోయేటప్పుడు బాగుంటే స్టీరింగు ఆర్ము వంగిందేమో చూడాలి. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరగాలి. మోటారు బండ్లు పుట్టకముందే, గుర్రపు బగ్గీల కోసం జర్మనీలో లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన ఈ ఏర్పాటు కనిపెడితే, 1818లో ఇంగ్లండులో అకర్‌మన్ దాని పేటెంటు తీసుకున్నాడు. ఈనాటికీ అది అకర్‌మన్ పేరు మీదే నడుస్తోంది. కష్టం ఒకరిది, పేరు ఒకరిది కావడం మన ఆఫీసుల్లో మొదలైంది కాదన్నమాట.

చేయకూడనివి

స్టబ్ యాక్సిల్, స్టీరింగు ఆర్ము, టై రాడ్, డ్రాగ్ లింక్ – ఇవి వంగితే గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టి నేరుగా చేస్తామంటారు కొందరు. డబ్బు మిగులుతుందంటారు. ఒప్పుకోకండి. కాల్చిన ఇనుము తన గట్టిదనం పోగొట్టుకుంటుంది. కంటికి కనిపించని పగులు లోపల ఉండవచ్చు. అది విరిగే రోజు ముందుగా కబురు పెట్టదు. ఈ సామాను మార్చాలే గాని బాగుచేయకూడదు. వెల్డింగు అసలే కూడదు.

టై రాడ్ ఎండు నట్టుకు సీల పెట్టే రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి వదులు చేసి కలపకూడదు. పాత స్ప్లిట్ పిన్నును మళ్ళీ వాడకూడదు. అది రూపాయల్లో పోయే వస్తువు, దానికోసం ప్రాణం పణం పెట్టవద్దు. టో పెట్టాక టై రాడ్ క్లాంపులు బిగించారో లేదో మీరే చూడండి. కొత్త యూ బోల్టులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించాలి.

షాపులో పనికి ముందు, పని అయ్యాక రెండు కాగితాలూ అడిగి తీసుకోండి. ముందు కాగితం లేకుండా తరవాత కాగితం మాత్రమే ఇస్తే ఏం సరిచేశారో తెలియదు.

ఎప్పుడు వద్దనాలి?

ఇదే నేను చెప్పదలచిన ముఖ్య విషయం. అన్ని బండ్లూ బాగుపడవు. చక్రం దగ్గరి సామాను, కమాను కట్టలు, యాక్సిల్ – ఇవి పోతే మార్చవచ్చు, ఖర్చు ముందే లెక్క కట్టవచ్చు. ఫ్రేము ఐమూల పోయి, పొడుగు దూలం ముడతపడి ఉంటే మాత్రం, దాన్ని లాగే బెంచి, దాని పని తెలిసిన మేస్త్రి ఉన్నచోట చూపించి రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. అంచనా ఇవ్వనివాడి దగ్గర పని పెట్టకండి. ఆ ఖర్చు బండి ధరలో సగానికి చేరితే దాన్ని వదిలేయడమే లాభం. తుప్పు తిని వెల్డింగు అతుకులతో నిండిన ఫ్రేమునైతే చూసిన రోజే దండం పెట్టి వచ్చేయండి.

సరుకు రవాణా బండికి 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ కాగితం ఉందని కొలతలు మానకండి, కొలతలు బాగున్నాయని కాగితం మానకండి. ఫ్రేము మార్చాలన్నా, చాసిస్ నంబరు చెక్కిన చోట వెల్డింగు పడాలన్నా ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, ఇన్సూరెన్సు వారికి తెలిపి ముందుకు పోవాలి.

కొనబోయే ముందు ఒక గంట కేటాయించి గుండు, టేపు, సుద్దముక్క పట్టుకుని వెళ్ళండి. అమ్మేవాడు "నమ్మకం లేదా మాస్టారూ" అంటాడు. నవ్వి ఊరుకుని మీ పని మీరు కానివ్వండి. కొలవనివ్వనివాడి బండి కొనకండి. పెళ్ళిచూపుల్లో మాట తూలకూడదు గాని, పాత బండి చూపుల్లో మొహమాటం కూడదు.

మన పిల్లలు రాత్రి రెండింటికి లేచి మార్కెట్టుకు బండి తోలుతున్నారు. ఆ బండి వెనక మన సర్వీసంతా ఉంది. కనుక మూడు మాటలు ఇంటికి తీసుకువెళ్ళండి: వదులు తీశాకే కొలత, వెనక సరిచేశాకే ముందు, వంగిన స్టీరింగు సామాను మార్చాలే గాని కాల్చకూడదు. సభ ముగిశాక ఎవరైనా తమ బండి చూపిస్తానంటే బయట చెట్టు కింద ఉంటాను. గుండు, దారం సంచీలోనే ఉన్నాయి.